సర్కారు బాకీకి మా వడ్డీ

మా అబ్బాజాన్‌గారికి సైకిళ్లు బాగుచేసే దుకాణం ఉండేది. చదువు ఐదవ తరగతితో ఆగిపోయింది గాని, పద్దు వ్రాయడంలో ఆయనకు సాటివచ్చే గుమాస్తాను మేము ఇంతవరకు చూడలేదు. ఎర్ర అట్ట పుస్తకంలో పేజీకి నాలుగు గళ్లు గీసేవారు: అనుకున్నది, అయినది, ఇవ్వవలసినది, రావలసినది. మొదటి గడి నింపడానికి ఎవరికైనా రెండు నిమిషాలు చాలుననీ, మనిషి సంగతి రెండవ గడిలో బయటపడుతుందనీ అనేవారు. ఆయనతోపాటే సైకిళ్ల దుకాణమూ పోయింది. పుస్తకం అలవాటు మాత్రం మాకు మిగిలింది. ప్రతి నెలా మొదటి ఆదివారం, అసర్ నమాజు తరువాత, మేమూ మా ఇంటావిడా ఆ పుస్తకం ముందు వేసుకుని కూర్చుంటాము. ఆ గంట ఇద్దరికీ అంత సుఖమైనది కాదు.

ప్రభుత్వాల బడ్జెట్ పత్రాలలోనూ ఇటువంటి గళ్లే ఉంటాయి. బడ్జెట్ అంచనా అని ఒకటి, సవరించిన అంచనా అని ఒకటి, రెండేళ్లు గడిచాక వాస్తవ వ్యయం అని ఇంకొకటి. తేడా అల్లా ఏమిటంటే, దినపత్రికలు మొదటి గడిని మాత్రమే పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తాయి. మన నాయకులు ఆ మొదటి గడికే శాలువా కప్పి, పూలదండ వేసి, ఫొటో దిగుతారు. రెండవ గడి వెలువడే రోజున శాలువా పట్టుకుని ఎవరూ రారు.

కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పద్దునే చూద్దాము. 2022-23 సంవత్సరానికి 5,020.50 కోట్ల రూపాయలు కేటాయించామన్నారు. సవరించిన అంచనా వచ్చేసరికి అది 2,612.66 కోట్లయింది. మరుసటి ఏడు 3,097.60 కోట్లన్నారు, 2,608.93 కోట్లకు దించారు. 2024-25కు 3,183.24 కోట్లని చదివి, 1,868.18 కోట్లకు సవరించారు. 2025-26కు 3,350 కోట్లన్నారు. ప్రతి ఫిబ్రవరిలోనూ 'గత ఏడాది సవరించిన అంచనాకంటే ఈ ఏడు ఎక్కువ' అని చెప్పుకునే వీలు ఉండనే ఉంటుంది, అది అబద్ధమూ కాదు.

ఈ విద్యను ఇంట్లో ప్రయోగించి చూడాలని మాకు ఒక ఏడు బుద్ధి పుట్టింది. పండుగ బట్టలకు 5,020 రూపాయలని రమజాన్ మొదటి రోజున ప్రకటించి, ఆఖరి జుమా నాటికి 2,612 చేతిలో పెట్టి, వచ్చే ఏడు 3,097 అని, 'నిరుటికంటే 485 ఎక్కువ ఇస్తున్నాము, సంతోషించండి' అంటే ఎట్లా ఉంటుందని మా ఇంటావిడను అడిగాము. ఆవిడ సమాధానం ఈ పత్రికలో అచ్చువేయదగినది కాదు.

మరికొంచెం చిన్న లెక్కకు దిగుదాము. కోట్లు మన ఊహకు అందవు. దేశం మొత్తం బడ్జెట్‌ను వెయ్యి రూపాయలనుకుంటే 2022-23లో ఆ మంత్రిత్వ శాఖకు ప్రకటించిన వాటా ఒక రూపాయి 27 పైసలు. 2025-26లో 66 పైసలు. ఆ 66 పైసలూ ముస్లింలవే కావు. క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు అందరికీ కలిపి అంత. రోడ్లు, రైళ్లు, రేషను బియ్యం వంటివి మనకూ అందుతున్నాయి కదా అని ఎవరైనా అంటే కాదనము. అందుతున్నాయి. కాని ఈ 66 పైసలను చూపించే గదా టీవీ చర్చలలో 'బుజ్జగింపు' అని గొంతు చించుకుంటున్నారు! పైసా నాణెం చెలామణీ నుంచి పోయి చాలా కాలమైంది. దాని పేరిట జగడం మాత్రం పోలేదు.

ఆ చర్చలలోనే ఇంకొక మాట వినబడుతుంది: వీళ్లు పన్ను కడతారా అని. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన నాటినుంచి 2025 సెప్టెంబరు 22 వరకు ఒంటిసబ్బు మీద పన్ను 18 శాతం. ఇప్పుడు 5 శాతం. దర్గా మెట్ల మీద కూర్చునే ఫకీరు జుమాకు స్నానం చేయాలని సబ్బుబిళ్ల కొంటే, ఎనిమిదేళ్లపాటు ఆయనా ఆ 18 శాతమే కట్టాడు, బంగళాలో ఉండే కోటీశ్వరుడూ ఆ 18 శాతమే కట్టాడు. ఫకీరుకు ఎవరూ పన్ను చెల్లింపుదారుడని ధ్రువపత్రం ఇవ్వలేదు.

హజ్ సబ్సిడీ సంగతి కూడా ఈ సందర్భంలోనే జ్ఞాపకం చేసుకోవాలి. దశాబ్దాలపాటు ఆ పేరు చెప్పి మనలను దెప్పిపొడిచారు. డబ్బు చేరినది హాజీ జేబులోకి కాదు, విమానం టిక్కెట్టు ధర రూపంలో విమాన సంస్థకు. మాట పడినవాళ్లం మనం, మూట కట్టినది వేరొకరు. 2012లో సుప్రీంకోర్టు దానిని పదేళ్లలో క్రమంగా తొలగించమన్నది. 2018 జనవరిలో కేంద్రం పూర్తిగా తీసివేసింది. సరే, పోనిమ్మన్నాము. మనలో చాలామంది ఆలిములు ఆ సబ్సిడీ వద్దని ముందే అంటున్నారు, స్థోమత ఉన్నవారికే హజ్ విధి గదా. అయితే తీసివేసిన రోజున మంత్రిగారు ఒక మాట అన్నారు: ఆ మిగిలిన సొమ్మును మైనారిటీ వర్గాల విద్యకు, ముఖ్యంగా ఆడపిల్లల చదువుకు వెచ్చిస్తామని.

ఆ తరువాత ఏమి జరిగిందో తేదీల ప్రకారం చెప్పుకుందాము. 2022లో, 1 నుంచి 8వ తరగతి వరకు మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనాన్ని ఆపివేశారు. ఆ తరగతుల చదువు విద్యాహక్కు చట్టం కింద ఎట్లాగూ ఉచితమే గనుక అక్కరలేదన్నారు. అదే ఏడు డిసెంబరులో పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను రద్దు చేశామని పార్లమెంటులో చెప్పారు. విదేశీ చదువుల అప్పు మీద వడ్డీ భరించే 'పఢో పరదేశ్' కూడా ఆగిపోయింది. తొమ్మిదవ తరగతి నుంచి పన్నెండు వరకు చదివే ఆడపిల్లలకు బేగం హజ్రత్ మహల్ పేరిట ఉపకారవేతనం ఇస్తుండిన మౌలానా ఆజాద్ విద్యా ఫౌండేషన్‌ను 2024 ఫిబ్రవరిలో మూసివేయమని ఉత్తర్వు వెలువడింది. ఆడపిల్లల చదువుకని ఒక సంచిలో వేస్తామన్న సొమ్ము ఏ సంచిలో పడిందో వెతకడానికి వెళితే, సంచే కనబడలేదు.

ఆ ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనం ఎంతో తెలుసునా? ఇంటినుంచి బడికి వెళ్లే ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లవాడికి నెలకు 100 రూపాయల చొప్పున పది నెలలు. ఏడాదికి వెయ్యి. కుటుంబ ఆదాయం లక్ష దాటరాదు. మా వీధిలో తాపీపని చేసే ఒకాయన తన కొడుకుకు దీనికోసం దరఖాస్తు పెట్టినప్పుడు మేము తోడు వెళ్లాము. ఆదాయ ధ్రువపత్రానికి ఒక రోజు పని పోయింది. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కాలేదని ఇంకొక రోజు పోయింది. ఫొటోలు, జిరాక్సులు, ఆన్‌లైన్ నమోదుకు దుకాణంవాడికి ఇచ్చినది వేరు. రెండు రోజుల కూలి, పై ఖర్చులు కలిపి పద్దు వేస్తే, వెయ్యి రూపాయలు పొందడానికి ఆయన సుమారు పదమూడు వందలు వెచ్చించాడు. అయినా సంతోషించాడు. తన కొడుకు పేరిట ఢిల్లీనుంచి డబ్బు వచ్చిందని మూడు రోజులు అందరికీ చెప్పుకున్నాడు. ఆ సంతోషం ఖరీదు ఏడాదికి మూడు వందల నష్టం. దానిని కూడా ఉంచలేదు.

ఇక మన రాష్ట్రాల సంగతి. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ సంక్షేమానికి 2024-25లో 3,003 కోట్లు, 2025-26లో 3,591 కోట్లు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025-26కు 5,434 కోట్లని ప్రకటించింది. ఢిల్లీ మొత్తం దేశానికి ఇస్తానన్నదానికంటే ఒక రాష్ట్రం తన గడపలో ఇస్తానన్నది ఎక్కువ కావడం విశేషమే. ఈ విషయంలో మేము కృతఘ్నులము కాదలచుకోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషను, ఫీజు రీయింబర్స్‌మెంటు అనే రెండూ లేకపోతే మన వీధుల్లో ఇంజనీర్లూ ఫార్మసిస్టులూ ఇప్పుడున్నంతమంది ఉండేవారు కారు. ఆ మేలు చేసిన చేతిని మరువలేము. కాని కేటాయింపు వేరు, విడుదల వేరు. చెరువులో నీళ్లున్నాయని శిలాఫలకం మీద చెక్కించినంత మాత్రాన కాలువ చివరి మడి తడవదు.

ఆ చివరి మడి మా వీధిలోనే ఉన్నది. నాలుగిళ్ల అవతల ఒక ఆటో డ్రైవరు కుటుంబం. తల్లి చీరలకు ఫాల్ కుడుతుంది. పెద్దమ్మాయి కన్వీనరు కోటాలో సీటు తెచ్చుకుని బి.టెక్. పూర్తి చేసింది. ఆ వంశంలో పదవ తరగతి దాటిన మొదటి ఆడపిల్ల ఆమె. ఆఖరి ఏడాదిలోనే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరే రోజున అసలు ధ్రువపత్రాలు చూపించాలన్నారు. కళాశాలకు వెళితే, మీ రెండేళ్ల ఫీజు ప్రభుత్వం నుంచి ఇంకా రాలేదు, 70,000 రూపాయలు మీరు కట్టి తీసుకువెళ్లండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాము అన్నారు. అసలు ధ్రువపత్రాలను విద్యాసంస్థలు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే నిర్దేశించింది. ఆ కాగితం మేమే తీసుకువెళ్లి చూపించాము. ప్రిన్సిపాలుగారు మర్యాదస్తులు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివి, మాకు తిరిగి ఇచ్చివేశారు. తమ అధ్యాపకులకు జీతాలు ఇచ్చి నాలుగు నెలలైందని కూడా చెప్పారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి శక్తికొలది ప్రయత్నించాము గాని, సాధ్యం కాలేదు.

ఉద్యోగంలో చేరే గడువు మూడు రోజులున్నది. బంగారం మీద అప్పు కోసం బ్యాంకుకు వెళితే వారం తరువాత రమ్మన్నారు. చివరకు ఆ తల్లి తన నిఖా నాటి రెండు గాజులూ, మెడలోని గొలుసూ తీసుకుని తాకట్టు దుకాణానికి వెళ్లింది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. 70,000కు నెలకు 1,400. చీరకు 70 రూపాయల చొప్పున, నెలలో ఆమె కుట్టే మొదటి ఇరవై చీరలూ ఆ వడ్డీకే. ఇరవై ఒకటవ చీర నుంచి ఇంటికి.

ఇది ఎవరి అప్పు? ఫీజు మేము కడతామని మాట ఇచ్చినది ప్రభుత్వం. కట్టనిది ప్రభుత్వం. దాని బదులు అప్పు తెచ్చినది ఒక ఫాల్ కుట్టే మనిషి. ఖజానాకు నెలకు రెండు రూపాయల వడ్డీ మిగిల్చిపెడుతున్నది ఆమె సూది. ఈ లెక్క ఏ బడ్జెట్ పత్రంలోనూ కనబడదు. ప్రభుత్వం రిజర్వు బ్యాంకు ద్వారా బాండ్లు అమ్మి తెచ్చే అప్పులు వార్తలలోకి వస్తాయి, తాకట్టు దుకాణం ద్వారా తెచ్చేవి రావు.

అదే మనం బాకీపడితే ఏమవుతుందో చూడండి. దుకాణదారు జీఎస్టీ ఆలస్యంగా కడితే ఏడాదికి 18 శాతం వడ్డీ. కరెంటు బిల్లు గడువు దాటితే అదనపు రుసుము, మరి కొన్నాళ్లకు తీగ కత్తిరింపు. ప్రభుత్వం విద్యార్థికి రెండేళ్లు బాకీపడితే వడ్డీ సున్న. తీగ కత్తిరించే అధికారం మనకు లేదు, ఐదేళ్లకు ఒకసారి తప్ప. అప్పుడు కూడా మనం పాత బాకీ అడగము, కొత్త వాగ్దానం వింటాము.

మనకు సంబంధించినంతవరకు ఇందులో ఇంకొక ముల్లున్నది. వడ్డీ తినరాదు, ఇవ్వరాదు అని నమ్మే ఇల్లు అది. ఆ తల్లి తాకట్టు రసీదును ముసాఫ్ ఉన్న అలమారలో పెట్టడానికి ఇష్టపడక, వంటింట్లో ఉప్పు డబ్బా కింద పెట్టుకున్నది. రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఏర్పడిన ఆర్థిక రంగ సంస్కరణల సంఘం 2008లో వడ్డీ లేని బ్యాంకు సేవలను పెద్దయెత్తున ప్రవేశపెట్టవచ్చునని సిఫారసు చేసింది. రిజర్వు బ్యాంకు దానిని చాలాకాలం పరిశీలించి, 2017లో ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్లబోమని తేల్చింది. బ్యాంకు సేవలు పొందడానికి పౌరులందరికీ విస్తృతమైన, సమానమైన అవకాశాలు ఉన్నాయిగదా అన్నది కారణం. మా వీధిలో ఆ విస్తృతమైన అవకాశం వారం తరువాత రమ్మన్నది. తాకట్టు దుకాణం మాత్రం రాత్రి తొమ్మిది వరకు తెరిచే ఉంటుంది.

అయితే ప్రభుత్వాలు మనపై ఖర్చు చేసేదంతా ఆలస్యమేనా అంటే, కాదు. కొన్ని ఖర్చులు గడియారం పెట్టుకుని మరీ జరుగుతాయి. ఎల్‌బీ స్టేడియంలో ప్రభుత్వ ఇఫ్తార్ విందు ఉన్నది. నిధులు విడుదల కాక ఖర్జూరాలు మగ్రిబ్ వేళకు అందలేదని, హలీం వచ్చే త్రైమాసికానికి వాయిదా పడిందని మేమెన్నడూ వినలేదు. టోపీలు, కౌగిలింతలు, ఫొటోలు అన్నీ వేళకే. అందుచేత మా మనవి ఒకటే: ఫీజు బకాయిలను కూడా ఇఫ్తార్ పద్దు కింద చేర్చండి. మగ్రిబ్ అజాన్ లోపల చెల్లింపు పూర్తవుతుంది. అధికారులు ఎట్లా చేయగలరో మాకు తెలియదు గాని, చేయగలరని ప్రతి రమజాన్‌లోనూ కళ్లారా చూస్తూనే ఉన్నాము.

పెళ్లి ఖర్చు విషయంలోనూ ఇటువంటి చురుకే. తెలంగాణలో షాదీ ముబారక్ 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలై, ఇప్పుడు 1,00,116కు చేరింది. పెళ్లికూతురికి 18 ఏళ్లు నిండాలన్న నిబంధన మంచిది. దానివల్ల తొందరపడే తల్లిదండ్రులు కొందరు ఆగారని మేము నమ్ముతాము. కాని ఢిల్లీ ఖజానా, హైదరాబాదు ఖజానా వేరు వేరని తెలిసి కూడా ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టకుండా ఉండలేకపోతున్నాము: ఆడపిల్ల ఐదవ తరగతి చదవడానికి వెయ్యి రూపాయలు, అదీ ఇప్పుడు లేదు. అదే పిల్ల పెళ్లిపీటల మీద కూర్చోవడానికి లక్షా నూటపదహారు. మా పట్టణంలో పిల్లలు కూర్చుని చదువుకోవడానికి ఒక గ్రంథాలయం గది కావాలని అడిగితే షాదీఖానా మంజూరైంది. అదీ స్లాబు దగ్గర ఆగింది. పిల్లలు ఇప్పుడు ఆ స్లాబు నీడన కూర్చుని చదువుకుంటున్నారు గనుక, ఒక విధంగా మేము అడిగినదే ఇచ్చారనుకోవాలి.

ఇంతవరకు వేలు ప్రభుత్వం వైపు చూపించాము. అబ్బాజాన్‌గారి పుస్తకంలో 'ఇవ్వవలసినది' అనే గడి కూడా ఉన్నది. దానిని దాటవేస్తే ఆయన ఒప్పుకోరు.

సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చింది. మన వెనుకబాటును చూపడానికి దానిని సభలలో మనమంతా ఉదాహరిస్తాము. అదే నివేదికలో వక్ఫ్ మీద ఒక అధ్యాయం ఉన్నది, దానిని మాత్రం తక్కువగా చదువుతాము. దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు. మార్కెట్టు విలువ సుమారు 1.2 లక్షల కోట్లు. ఏడాదికి వచ్చే ఆదాయం 163 కోట్లు. పది శాతం రాబడి తీయగలిగితే ఏడాదికి 12,000 కోట్లు వస్తుందని కమిటీ లెక్క కట్టింది. పైన వేసిన వెయ్యి రూపాయల లెక్కే ఇక్కడా వేసి చూశాము. వెయ్యి రూపాయల వక్ఫ్ ఆస్తి మీద మన రాబడి ఒక రూపాయి 36 పైసలు. 2022-23లో ఢిల్లీ వెయ్యికి ఒక రూపాయి 27 పైసలు ఇస్తానన్నందుకు మనం ధర్నా చేశాము. తాతలు అల్లా పేరిట వ్రాసి ఇచ్చిన ఆస్తి నుంచి మనం తీస్తున్నది దానికంటే తొమ్మిది పైసలు మాత్రమే ఎక్కువ. ఆక్రమణలలో ప్రభుత్వ శాఖల వాటా ఉన్నదనీ సచార్ నివేదికే చెప్పింది, నిజమే. కాని బజారులోని వక్ఫ్ దుకాణానికి ముప్పై ఏళ్ల కిందటి అద్దె కడుతూ, దానిని ఇంకొకరికి పదింతలకు ఇచ్చుకుని, జుమా నమాజులో మొదటి వరుసలో నిలబడేవాళ్లు ప్రభుత్వ శాఖవాళ్లు కారు. వక్ఫ్ సవరణ చట్టం మీద ఈ పత్రికలో మనం ఎన్నో వ్యాసాలు చదివాము. ఆ చట్టంతో పోరాడే గొంతులో ఈ అద్దె చీటీ అడ్డుపడుతూనే ఉంటుంది.

ఇంటి ఖర్చులు కూడా ఇట్లాగే. కట్నం హరాం అని ఉపన్యాసం, వలీమాకు పన్నెండు వందల మందికి బిర్యానీ. మేమూ ఇందులో పాపం చేసినవాళ్లమే. మా పెద్దమ్మాయి పెళ్లి నాటి చీటీ ఇంకా ఏడు వాయిదాలున్నది. పుస్తకంలో ఆ పేజీ తిప్పేటప్పుడు మేమూ మా ఇంటావిడా ఒకరి ముఖం ఒకరం చూసుకోము.

ఈ ఏడు రమజాన్‌లో మా మస్జిద్ కమిటీ జకాత్ సొమ్ము పంపిణీకి కూర్చున్నప్పుడు, ఆ ఫాల్ కుట్టే తల్లి విషయం మేము ప్రస్తావించాము. ఇమాముగారు ఖురాన్ పేర్కొన్న ఎనిమిది వర్గాలను లెక్కపెట్టి చెప్పారు. వారిలో అప్పుల్లో చిక్కుకున్నవారు ఉన్నారు గనుక ఇవ్వవచ్చునన్నారు. కమిటీలోని ఒక పెద్దాయన, జీవితమంతా ట్రెజరీలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఒక సందేహం అడిగారు: "హజ్రత్, ఆ అప్పు ఆమెది కాదుగదా, సర్కారుది. ఎనిమిది వర్గాలలో సర్కారు ఎక్కడున్నది?" ఇమాముగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆమెకు ఇవ్వండి అన్నారు.

అట్లా 40,000 రూపాయలు ఇచ్చాము. పేదవారికి చేరవలసిన జకాత్‌లో కొంత, ఒక చుట్టుదారిన, ప్రభుత్వ బాకీ తీర్చడానికి వెళ్లింది. ఈ మాట ఏ మంత్రిగారైనా చదివితే వారికి సిగ్గు కలుగుతుందని మేము ఆశించడం లేదు. కాని లెక్క మాత్రం వారికి తెలియాలనుకున్నాము. అందుచేత గత నెల పది రూపాయల రుసుముతో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టాము. అడిగినవి మూడే ప్రశ్నలు: మా జిల్లాలో మైనారిటీ విద్యార్థుల ఫీజుకు గడిచిన మూడేళ్లలో మంజూరైనది ఎంత, ఏ తేదీన ఎంత విడుదలైంది, ఇంకా ఎందరికి ఎంత రావలసి ఉన్నది. ప్రతి జిల్లాలో ఎవరో ఒకరు ఈ మూడు ప్రశ్నలే అడిగితే, ఉభయ రాష్ట్రాల లెక్కా ఈ పత్రికలోనే ఒక పేజీలో అచ్చువేయవచ్చు. దరఖాస్తు వ్రాయడం రానివారికి మస్జిద్‌లలో యువకులు సహాయం చేయవచ్చు. తెల్లకాగితం చాలు, వకీలు అక్కరలేదు. జవాబు ఇవ్వడానికి చట్టం పెట్టిన గడువు ముప్పై రోజులు. మా దరఖాస్తుకు ఈ రోజుతో ఇరవై రెండు రోజులైంది. అదే నోటితో కమిటీ వారిని కూడా అడిగాము: మస్జిద్ కింద ఉన్న నాలుగు దుకాణాల అద్దె ఎంతో జుమా నాడు అందరిముందు చదవమని. వచ్చే జుమాకు చూద్దామన్నారు. ఆ మాట మూడు జుమాలుగా వింటున్నాము.

మొన్న ఆదివారం పుస్తకం ముందు కూర్చున్నప్పుడు, రావలసినది అనే గడిలో ఆ 70,000 కూడా వ్రాయమని మా ఇంటావిడ అన్నది. అది మన డబ్బు కాదుగదా అన్నాము. మస్జిద్ డబ్బు, ఆ పిల్ల డబ్బు, మన డబ్బు అని వేరేముందని అన్నది. వ్రాశాము. తాకట్టు దుకాణంలో గాజులు విడిపించారు, గొలుసు ఇంకా అక్కడే ఉన్నది. మిగిలిన 30,000కు నెలకు 600 రూపాయల వడ్డీ. ఇరవై చీరలు ఇప్పుడు తొమ్మిదికి తగ్గాయి.